అధిక రక్తపీడన నిర్ణయమునందును చికిత్సయందును వైద్యుని బాధ్యత

ఈ ఉపన్యాసము మా గురువర్యుల స్మృత్యర్థము ఏర్పడినది. వారు జీవితాంతము సామాన్య వైద్యులుగనే యుండి, పల్లెలనుండి వచ్చు రోగుల నాడిని తమ చేతితోనే చూచి, రక్తపోటును తమ చేతితోనే కొలిచి, శ్రద్ధయే వైద్యమునకు మొదటి మెట్టని శిష్యులకు ఆచరణముచేత బోధించిరి. అట్టివారి పేరిట జరుగు సభలో ఏదో యొక అపూర్వవ్యాధిని గూర్చియో, నిన్న మొన్న వెలువడిన ఔషధమును గూర్చియో ప్రసంగించుటకంటె, ప్రతి వైద్యుని గదిలోను ప్రతిదినమును ఎదురగు అధిక రక్తపీడనమును, జనులు బీపీ యని పిలుచుకొను ఆ వ్యాధిని, ఎట్లు నిర్ణయింపవలెనో, నిర్ణయించిన పిమ్మట ఏండ్ల తరబడి ఎట్లు అదుపులో నుంచవలెనో విచారించుట యుక్తమని తలంచితిని.

తక్కిన వ్యాధులలో బాధయే వైద్యునకు తోడ్పడును. కడుపునొప్పిగాని, జ్వరముగాని, ఆయాసముగాని రోగిని తానై ఆసుపత్రికి తోడ్కొని వచ్చును. మందు మరవకుండ వేసికొనునట్లు చేయును. తగ్గినది లేనిది తానే చెప్పును. అధిక రక్తపీడనమునకు ఈ గుణము లేదు. తల బరువుగ నున్నదనియో, కన్నులు తిరుగుచున్నవనియో కొందరు చెప్పుకొన్నను, అత్యధికసంఖ్యాకులలో ఏ బాధయు కానరాదు. మనుష్యుడు పొలము దున్నుచు, కచేరీకి పోవుచు, పిల్లల పెండ్లిండ్లు చేయుచు నుండగనే, మెదడునకును, గుండెకును, మూత్రపిండములకును, నేత్రములకును రక్తము నందించు నాళములు లోలోపల చెడిపోవుచుండును. తుదకు పక్షవాతముగనో, గుండెపోటుగనో ఆ వ్యాధి తన ఉనికిని చాటుకొను నాటికి చేయదగినదానిలో చాలభాగము చేజారి పోయియుండును. కావున అన్యవ్యాధులలో నొప్పి చేయు పనినంతటిని ఈ వ్యాధియందు వైద్యుని శ్రద్ధయే చేయవలసియున్నది. నేడు నేను చెప్పదలచినదంతయు ఈ యొక్క మాటకు వివరణము మాత్రమే.

రక్తమునకు పీడనము కలదని కన్నులార చూచినవాడు వైద్యుడు కాడు. ఇంగ్లండు దేశమునందలి ఒక క్రైస్తవ మతాచార్యుడు. స్టీఫెన్ హేల్స్ అను నతడు ఒక ఆడుగుఱ్ఱముయొక్క ధమనిలో నాళమును గ్రుచ్చి, దానికి గాజుగొట్టమును తగిలింపగా, రక్తము 8 అడుగుల 3 అంగుళముల ఎత్తునకు ఎగబ్రాకినదని 1733వ సంవత్సరమున ప్రకటించెను. ధమనిని ఛేదింపక మనుష్యుని రక్తపీడనమును సులభముగ కొలుచు సాధనము అటుపిమ్మట నూటయరువది సంవత్సరములకు పైగా గడచినగాని చేతికి రాలేదు. 1896లో ఇటలీ దేశీయుడైన రీవా-రోచ్చి భుజమునకు చుట్టు రబ్బరుపట్టీని, పాదరసపు మట్టమును జతపరచి, నాడి అణగిపోవు అంకెను గుర్తించు విధానమును వెల్లడించెను. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గు సైనిక వైద్యవిద్యాలయమునందు నికొలాయ్ కొరొత్కోవ్ అను యువశస్త్రవైద్యుడు ఆ పట్టీకి దిగువను స్టెతస్కోపు నుంచి, శబ్దము పుట్టుచోట పై అంకెను, శబ్దము అంతరించుచోట క్రింది అంకెను గ్రహింపవచ్చునని మిక్కిలి సంక్షిప్తమైన నివేదికలో తెలియజేసెను. ఒక పుటకు మించని ఆ నివేదికపైననే శతాబ్దమునకు మించిన వైద్యము నిలిచియున్నది.

అయినను పరికరము చేతికి రాకపూర్వమే వ్యాధిస్వరూపమును ఊహించిన ధీమంతు డొకడు కలడు. లండను నగరమునందలి గైస్ ఆసుపత్రిలో పనిచేసిన ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్, పాట్నానుండి వెడలి ఇంగ్లండునందు స్థిరపడిన షేక్ దీన్ మహమ్మద్‌కు మనుమడు. అంతవరకు వైద్యులు నాడి గట్టిపడుటను మూత్రపిండవ్యాధియొక్క ఫలముగనే భావించుచుండగా, ఇతడు నాడీచలనమును కాగితముపై రేఖగా గీయు యంత్రముతో పరిశీలించి, మూత్రపిండములు చెడకముందే, ఆరోగ్యవంతులుగ కనబడువారియందు సైతము పీడనము హెచ్చుగ నుండవచ్చుననియు, అదియే పిమ్మట అవయవములను చెఱచుననియు కనుగొనెను. 1884లో, ముప్పదియైదేండ్ల వయస్సునందే, టైఫాయిడు జ్వరముచే మరణించిన ఆ యువకుని దృష్టి మనకు నేటికిని మార్గదర్శకము: ఫిర్యాదు లేనివానియందు వ్యాధిని వెదకుట.

కొలుచుట తెలిసిన తరువాత సైతము, కొలిచినదానిని తగ్గింపవలెనను నిశ్చయము వైద్యలోకమునకు తొందరగ కలుగలేదు. వయస్సుతో గట్టిపడిన నాళములద్వారా రక్తము నంపుటకు ప్రకృతియే పీడనమును పెంచుచున్నదనియు, దానిని తగ్గించుట అపాయకరమనియు పెద్దలైన వైద్యులు పెక్కుమంది తలంచుచుండిరి. ఆ కాలపు నిస్సహాయతకు అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు చరిత్రయే సాక్ష్యము. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయెన్ అను హృద్రోగనిపుణుడు పరీక్షించునప్పటికి ఆయన రక్తపోటు 186/108. గుండె పెద్దదై అలసియుండెను. ప్రపంచ యుద్ధమును నడపుచున్న దేశమునందు, అత్యున్నతపదవిలో నున్నవానికి, ఆనాటి వైద్యులు విశ్రాంతిని, ఉప్పు తగ్గించిన ఆహారమును, గుండెకు డిజిటాలిసును మించి ఈయగలిగినది స్వల్పము. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళము చిట్లి ఆయన అస్తమించిననాడు కొలిచిన అంకె 300/190. నేడు ఒక మండల కేంద్రమునందలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వచ్చిన కూలివానికి లభింపగల మందు ఆనాడు ఆ మహాపురుషునకు లభింపలేదు.

ఈ నిస్సహాయత తొలగుటలో మన దేశమునకు గల పాత్రను మనము మరువరాదు. ఆయుర్వేదమునందు చిరకాలముగ వాడుకలోనున్న సర్పగంధ వేరు రక్తపోటును తగ్గించునని 1931లోనే కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ప్రకటించిరి. 1949లో బొంబాయి హృద్రోగవైద్యుడు రుస్తుం జాల్ వకీలు తన రోగులపై దాని ఫలితములను బ్రిటిషు హృద్రోగ పత్రికయందు ప్రచురింపగా ప్రపంచము దృష్టి దానిపై బడెను. 1952లో స్విట్జర్లండునందు దానినుండి రిసర్పిన్ అను సారమును వేరుచేసిరి. పిమ్మట ఎడ్వర్డ్ ఫ్రీస్ నాయకత్వమున అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగిన పరిశోధన 1967లో వెలువడినది. క్రింది అంకె 115కును 129కిని నడుమ నున్న 143 మంది పురుషులలో కొందరికి హైడ్రోక్లోరోథయజైడ్, రిసర్పిన్, హైడ్రలజీన్ అను మూడు మందులను కలిపి యిచ్చి, తక్కినవారికి మందు లేని బిళ్ళల నిచ్చిరి. స్వల్పకాలములోనే, మందు లేనివారిలో నలుగురు మరణింపగా, మందు పుచ్చుకొన్నవారిలో ఒక్కరును మరణింపలేదు. రక్తపోటును తగ్గించుట ప్రాణమును రక్షించుట యేనని నిస్సంశయముగ తేల్చిన ఆ పరీక్షలో మన అడవిమొక్క సారము ఒక ఔషధమై నిలిచినది.

ఇక నిర్ణయవిషయము. ఆరోగ్యమునకును వ్యాధికిని నడుమ ప్రకృతి గీచిన గీత ఏదియు లేదు. పది లక్షలమంది వృత్తాంతములను సమీకరించి 2002లో ప్రకటించిన అధ్యయనమును బట్టి, 40నుండి 69 వరకు వయస్సు గలవారిలో 115/75 మొదలుకొని పై అంకె 20, క్రింది అంకె 10 పెరిగిన ప్రతిసారియు పక్షవాతమువలనను హృద్రోగమువలనను కలుగు మరణభయము రెట్టింపగుచున్నది. అయినను చికిత్సకొఱకు ఒక హద్దు అవసరము గనుక, వైద్యుని గదిలో 140/90 మొదలు అధిక రక్తపీడనమని మనదేశమునందును పెక్కుదేశములందును అంగీకరించిరి. 2017లో అమెరికా సంఘములు ఆ హద్దును 130/80కి దింపినవి. ఏ హద్దును స్వీకరించినను, ఒక్కనాటి ఒక్క కొలతచేత ఒక మనుష్యునకు జీవితాంతపు వ్యాధిగ్రస్తుడను ముద్ర వేయరాదు. వేరువేరు దినములలో రెండు మూడుసార్లు కొలిచి నిర్ణయింపవలెను. పీడనము 180/110కి చేరి, గుండెకో మూత్రపిండములకో కన్నులకో హాని కలిగిన చిహ్నములున్నప్పుడు మాత్రమే ఈ నిరీక్షణము తగదు.

కొలుచుటయన్నది ఎంత సులభమని తోచునో అంత తరచుగ తప్పిపోవు క్రియ. రోగి బస్సు దిగి, వరుసలో నిలిచి, మెట్లెక్కి రాగానే పట్టీ చుట్టి చూచిన అంకె అతని శ్రమకు సంబంధించినదే కాని రక్తపీడనమునకు సంబంధించినది కాదు. అతడు వీపు ఆనించుకొని, పాదములు నేలకు తాకునట్లు, కాలుపై కాలు వేసికొనక, అయిదు నిమిషములు మౌనముగ కూర్చుండవలెను. అంతకు అరగంట ముందునుండి కాఫీ, టీ, చుట్ట, బీడీ, సిగరెట్టు ముట్టియుండరాదు. మూత్రవిసర్జన కావించి యుండవలెను. చేయి బల్లపై ఆని యుండి, పట్టీ గుండెకు సమమైన ఎత్తున నుండవలెను. వ్రేలాడు చేతికిని, చొక్కామీద చుట్టిన పట్టీకిని సత్యము తెలియదు. పట్టీలోని గాలితిత్తి పొడవు చేతి చుట్టుకొలతలో నూటికి ఎనుబది వంతులైన నుండవలెనను నియమమును మరచి, స్థూలకాయులకును కృశాంగులకును ఒకే పట్టీని వాడుచున్నాము. లావుపాటి చేతికి చిన్నపట్టీ చుట్టినచో లేని వ్యాధి కనబడును. మొదట మణికట్టునందలి నాడిని తాకుచు, అది అణగిన అంకెకు పైన మఱి 30 మిల్లీమీటర్లు ఎక్కించి, పిమ్మట సెకనుకు రెండు మిల్లీమీటర్ల చొప్పున మెల్లగ దింపవలెను. లేనిచో శబ్దము నడుమ కొంతమేర వినబడక పోవుట గల రోగులలో పై అంకెను ఎంతయో తక్కువగ గ్రహించు ప్రమాదము కలదు. ఆస్పత్రి చీటీలపై అంకెలన్నియు 120/80, 130/80, 140/90 అని గుండ్రముగ కనబడినచో, వ్రాసినవారు విన్నది వ్రాయలేదని గ్రహింపవచ్చును.

తొలిసారి రెండు చేతులను కొలిచి, ఎక్కువ గల చేతినే తదుపరి ప్రమాణముగ గైకొనవలెను. నిమిషము విడిచి మఱల కొలిచి సగటు చూడవలెను. వృద్ధులను, మధుమేహముగలవారిని నిలువబెట్టి ఒక నిమిషమునకు, మూడు నిమిషములకు మఱల చూడవలెను; నిలిచినంతనే పై అంకె 20 పడిపోవువారు మన మందువలననే తూలి పడి, తుంటియెముక విరుగగొట్టుకొను ప్రమాదమున్నది. ఇదియంతయు పది నిమిషముల పని. నూరుమంది వేచియున్న ఆసుపత్రిలో ఇది ఎట్లు సాధ్యమని మీరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని శిక్షణము పొందిన నర్సుగాని, ఏ.ఎన్.ఎం.గాని ప్రత్యేకముగ ఒక మూల, ఒక కుర్చీ, ఒక బల్ల ఏర్పరచుకొని చేసిన కొలత, తొందరలోనున్న వైద్యుని కొలతకంటె నిజమునకు దగ్గరగ నుండును. గురువర్యులు తమ చేతితో కొలిచిరన్నచో, అది ఇతరులపై అపనమ్మకముచే కాదు, ఆ పని ఎవరు చేసినను అంతటి మర్యాదతో చేయవలెనని చూపుటకే.

వైద్యుని చూడగనే పీడనము పెరిగి, ఇంటివద్ద మామూలుగ నుండువారు కొందరు; వైద్యునియెదుట ఒప్పుగ నుండి, ఇంటివద్దను పనిచోటను హెచ్చువారు మఱికొందరు. మొదటివారికి అనవసరముగ మందులు పడుచుండగా, రెండవవారు మన కన్నుగప్పి ప్రమాదములో పడుచున్నారు. కావున సందేహమున్నచోట ఇంటియందే కొలుచుట మేలు. ఉదయమున రెండు, సాయంకాలమున రెండు చొప్పున ఒక వారము కొలిచి, మొదటి దినపు అంకెలను విడిచి, తక్కినవాని సగటు 135/85 మించినచో అధికమని గ్రహింపవలెను. మణికట్టు యంత్రములకంటె దండచేతికి చుట్టునవియే నమ్మదగినవి. అయితే దినమునకు పదిసార్లు కొలుచుకొని, ప్రతి అంకెకును భయపడి, ఆ భయముచేతనే పీడనమును పెంచుకొనువారికి, ఎప్పుడు కొలువవలెనో అంతకంటె ముఖ్యముగ ఎప్పుడు కొలువరాదో చెప్పవలెను.

వ్యాధి నిర్ధారితమైన పిమ్మట, దానికి మూలమేదైన కలదా, దానివలన హాని ఎంతవరకు కలిగినది అను రెండు ప్రశ్నలు వేసికొనవలెను. మూత్రమునందు ఆల్బుమిన్, రక్తమునందు క్రియాటినిన్, పొటాసియం, చక్కెర, కొవ్వులు, ఇ.సి.జి., కంటి లోపొర పరీక్ష — ఇవి చాలవరకు చాలును. ముప్పదియేండ్లు నిండని యువకునకు పీడనము హెచ్చినప్పుడు, తొడమూలపు నాడిని మణికట్టు నాడితో కలిపి ఏకకాలమున తాకి చూచుట మరువరాదు. తొడనాడి ఆలస్యముగను బలహీనముగను నుండినచో మహాధమని సంకోచమును అనుమానింపవలెను. పొటాసియం తక్కువగ నున్నప్పుడు అడ్రినల్ గ్రంథిని, గుండెదడ, చెమట, తలనొప్పి తెరలుతెరలుగ వచ్చునప్పుడు అదే గ్రంథియందలి కంతిని, బిగ్గరగ గురకపెట్టి పగలు కునుకు తీయువారియందు నిద్రలో ఊపిరి ఆగుటను స్మరింపవలెను. అన్నిటికంటె సులభమై, అన్నిటికంటె తరచుగ మరచిపోవునది, రోగి మ్రింగుచున్న తక్కిన మందులను గూర్చి అడుగుట: మోకాళ్ళనొప్పులకు ఏండ్ల తరబడి కొని వేసికొను నొప్పిబిళ్ళలు, స్టిరాయిడ్లు, జలుబు మందులు, గర్భనిరోధక మాత్రలు, కడకు అతిమధురము సైతము పీడనమును పెంచును. అదనముగ ఒక బిళ్ళ వ్రాయుటకంటె ఇట్టి బిళ్ళ నొకదానిని మాన్పించుటయే కొన్ని వేళల నిజమైన చికిత్స.

ఆహారవిషయమున ఉప్పు తగ్గించుమని ఒక్క మాట చెప్పి పంపివేయుట ఉపదేశము కాదు. దినమునకు అయిదు గ్రాములలోపు, అనగా తలకొట్టిన చెంచాడు, ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అన్నము తినుటవలన బీపీ వచ్చునని భయపడువారికి ఒక చరిత్ర చెప్పదగును: 1940ల ప్రాంతమున అమెరికాలోని డ్యూకు విశ్వవిద్యాలయమునందు వాల్టర్ కెంప్నర్ అను వైద్యుడు ఉప్పు లేని అన్నమును, పండ్లను మాత్రమే పెట్టి తీవ్రమైన రక్తపోటును తగ్గించి చూపెను. దోషము అన్నమునందు లేదు. అన్నములో కలుపుకొను ఆవకాయయందును, గోంగూర పచ్చడియందును, నంజుకొను చల్లమిరపకాయలయందును, అప్పడములయందును, వడియములయందును, ఎండుచేపలయందును ఉన్నది. తరతరముల రుచిని ఒక్కనాట విడువుమనుట క్రౌర్యము. ముద్దముద్దకును ఊరగాయ కలుపుకొను అలవాటును మొదటి ముద్దకే పరిమితము చేసికొనుమనుటయు, మజ్జిగలో ఉప్పు మానుమనుటయు, వంటచేయువారిని సైతము పిలిచి మాటలాడుటయు ఆచరణసాధ్యములు. మూత్రపిండములు బాగున్నవారికి పొటాసియం కలిపిన ఉప్పువలన మేలు కలదని 2021లో చీనా గ్రామములలో జరిగిన పెద్ద పరీక్ష రుజువు చేసినది. మూత్రపిండములు చెడినవారికి అదే ఉప్పు ప్రాణాపాయకరము. దినదినము నడక, బరువు తగ్గుట, మద్యము మానుట తప్పనిసరి. పొగాకు మానుట గుండెను కాపాడుటకు మందుకంటె తక్కువైనది కాదు.

మందులవిషయమున నేడు మనకు కొరత లేదు. కాల్షియం మార్గములను నిరోధించు ఆమ్లోడిపిన్ వంటివి, ఆంజియోటెన్సిన్‌ను అడ్డగించు ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి, మూత్రమును పెంచు క్లోర్థాలిడోన్ వంటివి — ఈ మూడు తెగలే చికిత్సకు మూలస్తంభములు. ఒక మందునే నిండు మోతాదునకు పెంచుటకంటె రెండింటిని అల్పమోతాదులలో కలుపుట గుణమున మేలు, బాధలలో తక్కువ. ఆమ్లోడిపిన్‌తో పాదములు వాచును. ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు వచ్చును. ముందుగ చెప్పినచో రోగి మనయొద్దకు వచ్చును, చెప్పనిచో మందు మానును. రెండవ తెగ మందులు గర్భిణులకు నిషిద్ధములు. వారికి మిథైల్‌డోపా, లాబెటలాల్, నిఫెడిపిన్ సముచితములు. వృద్ధులకు ఈ వయస్సున మందేల యను మాటకు, అరువదియేండ్లు దాటిన 4,736 మందిపై జరిగి 1991లో వెలువడిన పరీక్ష సమాధానము చెప్పినది: పై అంకె మాత్రమే హెచ్చినవారిలో సైతము చికిత్స పక్షవాతమును నూటికి 36 వంతులు తగ్గించినది.

ఇచట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఏ బాధయు లేని రోగికి 200/110 కనబడగనే భయపడి, నాలుక క్రింద నిఫెడిపిన్ పిండి క్షణములో అంకెను దింపు అలవాటు మనలో చిరకాలము సాగినది. అట్లు హఠాత్తుగ దింపుటచేత మెదడునకును గుండెకును రక్తము చాలక, పక్షవాతము, గుండెపోటు కలిగిన సందర్భములను 1996లోనే వైద్యపత్రికలు ప్రకటించి, ఆ పద్ధతిని విడువుమని కోరినవి. సంవత్సరములుగ పెరిగినదానిని వారములలో తగ్గించుటయే ధర్మము. ఛాతినొప్పి, ఆయాసము, చూపు మందగించుట, స్పృహ తప్పుట వంటి హాని చిహ్నములున్నవారిని మాత్రమే ఆసుపత్రిలో చేర్చుకొని, నరములోని మందుతో, అనుక్షణము గమనించుచు దింపవలెను.

ఇంత తెలిసియు మన దేశమున రక్తపోటు అదుపులోనున్నవారు కొద్దిమందియే. కారణము మందులు లేకపోవుట కాదు, మందు మధ్యలో ఆగిపోవుట. "బీపీ నార్మలుకు వచ్చింది గదా" యని మానువారు, జీవితాంతము బిళ్ళకు బానిసలమగుదుమని జంకువారు, నెలకొకసారి దినకూలి పోగొట్టుకొని పట్టణమునకు రాలేనివారు — వీరిని నిందించుట సులభము, వీరికి దారి చూపుట మన పని. 2017 నవంబరులో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమము తొలుత స్వీకరించిన అయిదు రాష్ట్రములలో తెలంగాణ యొకటి. అందలి సూత్రములు నిరాడంబరములు: అందరు వైద్యులును అనుసరింపదగిన ఒకే చికిత్సాక్రమము, ఊరి చెంతనే నెలకు సరిపడు మందు, వైద్యునితోపాటు నర్సులకును ఆరోగ్య కార్యకర్తలకును బాధ్యత, ప్రతి రోగికిని ఒక చీటీ, గడువు తప్పినవారిని గుర్తించి పిలుచుట. ఈ అయిదింటిలో చివరిదే నాకు ముఖ్యమని తోచుచున్నది. ఏలయన నొప్పి లేని రోగి రాకపోవుటయే ఈ వ్యాధియందు మొదటి ప్రమాదలక్షణము.

యువవైద్యులారా, మిమ్ము నేను కోరునది స్వల్పము. మీ గదిలో మూడు పరిమాణముల పట్టీల నుంచుకొనుడు. వచ్చినది కాలిపుండునకైనను, కంటికలకకైనను, పెద్దవారైన ప్రతి రోగికిని ఒక్కసారి రక్తపోటు కొలువుడు. మందు వ్రాయునప్పుడు దాని ధరను, అది ఎంతకాలము వాడవలెనో, ఎందుకు మానరాదో రోగి భాషలో చెప్పుడు. ప్రతి నెల కడపట ఆ నెలలో రావలసి రానివారి పేర్లను పుస్తకమున చూచి, వారికి ఫోను చేయించుడు, లేదా ఆశా కార్యకర్తను పంపుడు. వచ్చినవారికి చేసిన చికిత్సచేతనే కాక, రానివారిని వెదకి చేసిన చికిత్సచేత కూడ మన వృత్తి విలువ నిర్ణయింపబడును. గురువర్యులకు మనము సమర్పింపదగిన నివాళి ఇట్టి దినచర్యయే. రాబోవు సంవత్సరము ఇదే వేదికపై, మీ ఆసుపత్రి పుస్తకమున అదుపులోనికి వచ్చినవారి సంఖ్యను చదివి వినిపింపుడని ప్రార్థించుచున్నాను.